చెట్టు కింద మూడు శనివారాలు: ప్రాథమిక పాఠశాల పిల్లలతో మట్టి, తాటాకు, నీడబొమ్మల వర్క్‌షాప్

చిన్నపిల్లలకు చేతిపనుల వర్క్‌షాప్ పెట్టేటప్పుడు చాలాచోట్ల జరిగేది ఒకటే. మట్టి, రంగులు, కాగితాలు, ఐస్‌క్రీం పుల్లలు, మెరుపుల పొడి అన్నీ ఒకే పూట పరిచేస్తారు. పిల్లలు ఒకచోట అరగంట, ఇంకోచోట పావుగంట కూర్చుంటారు. ఏ పనీ చివరిదాకా రాదు. భోజనం గంట కొట్టబోతుండగా పెద్దవాళ్ళే గబగబా పూర్తిచేసి, బొమ్మ పిల్ల చేతిలో పెట్టి ఫోటో తీస్తారు. ఆ బొమ్మ టీచరమ్మదే గానీ పిల్లది కాదు. ఆ సంగతి పిల్లకూ తెలుసు.

అందుకే ఇక్కడ రెండు షరతులు పెట్టుకుందాం. పూటకు ఒకే సరుకు. పిల్ల పని మీద పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదు. కత్తితో కోయడం, దబ్బనంతో పొడవడం లాంటివి ముందురోజే ముగించాలి, లేదా అందరి ఎదుట విడిగా చేయాలి. బొమ్మ వంకరగా వస్తే వంకరగానే ఉండనివ్వండి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండు షరతుల నుంచి వచ్చేవే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డబ్బు పెట్టి కొనాల్సిన సరుకు పెద్దగా ఉండదు. చెరువు మట్టి, తాటాకు, జొన్న దంటు, పాత పెళ్ళిపత్రికలు ఉంటే మూడు శనివారాలు గడిచిపోతాయి. లెక్కలన్నీ 24 మంది పిల్లలకు వేశాం. ఎంతమంది ఉంటే దాన్నిబట్టి సరిచేసుకోండి.

ఎప్పుడు, ఎక్కడ

ఈ రెండు జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ నెలల్లో మట్టిపని పెట్టుకుంటే బొమ్మలు వారమైనా ఆరవు, పైగా బూజు పడుతుంది. జూన్, జూలైలో వీచే వేడి పడమటి గాలిది దీనికి తిరగబడ్డ గొడవ. అది మట్టిని పైపైన ఒక్క గంటలో ఆరబెట్టేసి పగలగొడుతుంది. సంక్రాంతి సెలవులు ముగిసినప్పటి నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఉన్న శనివారాలు అన్నిటికన్నా మంచివి. ఒంటిపూట బడులు మొదలయ్యాక పెట్టక తప్పకపోతే పదింటికల్లా పిల్లలను వరండాలోకి తీసుకెళ్ళిపోవాలి.

నీడకు కానుగ, వేప, మర్రి బాగుంటాయి. చింతచెట్టు కింద చీమల బెడద ఎక్కువ. మునగచెట్టు దరిదాపుల్లో వద్దు, బొచ్చు పురుగులు రాలితే ఆ పూట దురదలతోనే సరి. ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి చెట్టు కింద చిమ్మించండి. రాళ్ళ కుప్పలు, పాత తాటాకుల మోపులు ఉంటే కర్రతో కదిపి చూడండి, తేళ్ళు ఉండే చోట్లు అవే. వాన వస్తే లేచి వెళ్ళడానికి బడి వరండానో, రామాలయం మండపమో ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

ఆరుగురు పిల్లలు ఒక గుండ్రం, గుండ్రానికి ఒక పెద్దమనిషి. అంటే నలుగురు. నీళ్ళు, బాత్రూమ్, దెబ్బలు చూడటానికి ఐదో మనిషి విడిగా ఉండాలి. ఈ ఐదో మనిషి లేకపోతే మిగతా నలుగురిలో ఒకరు ఎప్పుడూ లేచి తిరుగుతూ ఉంటారు, ఆ గుండ్రం చెదిరిపోతుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలను మూడు, నాలుగు, ఐదు తరగతుల వాళ్ళతో కలిపి కూర్చోబెట్టవద్దు. పెద్దపిల్లలు సాయం చేస్తున్నామనుకుంటూ చిన్నవాళ్ళ చేతిలోంచి పని లాగేసుకుంటారు.

పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండింటికి ముగించండి. మధ్యలో పావుగంట విరామం, దానికి వేరుశెనగ ఉండో అరటిపండో. మధ్యాహ్న భోజనం లోపల గోళ్ళలో మట్టి పోయేలా చేతులు కడగడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ సమయాన్ని లెక్కలో వేసుకోని కార్యక్రమం చివర గందరగోళంగానే ముగుస్తుంది. కడగడానికి పిల్లకు 2 లీటర్ల చొప్పున 50 లీటర్ల డ్రమ్ము ఒకటి నింపి ఉంచాలి. తాగే నీళ్ళు విడిగా.

హెడ్మాస్టరు గారి అనుమతి, తల్లిదండ్రులకు ఒక చీటీ తప్పనిసరి. చీటీలో ‘పాత బట్టలు వేసి పంపండి, మట్టి అవుతుంది’ అన్న మాట మొదటి వరుసలోనే ఉండాలి. తెల్ల యూనిఫాం వేసుకొచ్చిన పిల్ల ఆ పూటంతా భయపడుతూనే కూర్చుంటుంది.

మొదటి శనివారం: మట్టి

మట్టి బాగుంటే మిగతా పని సగం తేలికవుతుంది. ఊళ్ళో సారె తిప్పే కుమ్మరి ఉంటే ఆయన దగ్గర తొక్కి సిద్ధం చేసిన మట్టే కొనుక్కోండి, ఇంకేమీ ఆలోచించవద్దు. పిల్లకు అరకిలో తడి మట్టి, అంటే 12 కిలోలు. ఇంకో 3 కిలోలు అదనంగా పెట్టుకుంటే మొత్తం 15 కిలోలు.

కుమ్మరి దొరక్కపోతే చెరువు మట్టి. పైన బురద తీసేసి ఒక అడుగు లోతు నుంచి తవ్వాలి. సముద్రం వైపు మండలాల్లో రొయ్యల చెరువుల పక్క మట్టి మాత్రం వద్దు. అందులో ఉప్పు ఉంటుంది, బొమ్మ ఆరాక తెల్లగా పూత పూస్తుంది, రంగు నిలవదు. పైగా ఆ చెరువుల్లో ఏమేం మందులు వేశారో పిల్లల చేతులకు తెలియదు కదా. తెచ్చిన మట్టిని ఎండబెట్టి, కొట్టి, బకెట్లో రాత్రంతా నానబెట్టండి. మర్నాడు కర్రతో బాగా కలిపి పాత నూలు చీరలో వడకట్టండి. రాళ్ళు, వేళ్ళు, నత్తగుల్లలు పైన మిగిలిపోతాయి. వడకట్టిన నీళ్ళ మట్టిని కదపకుండా ఒక రోజు ఉంచి, పైన తేరిన నీళ్ళు వంచేసి, అడుగున మిగిలినదాన్ని గోనెపట్టా మీద పరిచి చపాతీ పిండి గట్టితనం వచ్చేదాకా ఆరనివ్వండి. మొత్తానికి నాలుగైదు రోజుల పని, అందుకే సోమవారమే మొదలుపెట్టాలి.

పరీక్ష ఇలా: పెన్సిలంత లావు తాడులా చేత్తో చుట్టి, చూపుడువేలికి చుట్టి చూడండి. పగుళ్ళు లేకుండా చుట్టుకుంటే మట్టి సిద్ధం. పగిలితే ఇంకొంచెం నీళ్ళు, ఇంకొంచెం పిసకడం కావాలి. చేతికి అంటుకుంటే ఇంకా ఆరాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడే దొరికితే దానితో వేరే ఇబ్బంది ఉంది. అది తడిస్తే బాగా ఉబ్బుతుంది, ఆరితే బాగా ముడుచుకుంటుంది, అందుకే పగుళ్ళు ఎక్కువ. నాలుగు పాళ్ళ రేగడికి ఒక పాలు జల్లించిన సన్న ఇసుక కలిపితే చాలావరకు అదుపులోకి వస్తుంది. సముద్రపు ఇసుక మాత్రం కలపకండి, మళ్ళీ ఉప్పే. పెన్న ఇసుకో, గుండ్లకమ్మ ఇసుకో సరిపోతుంది.

సిద్ధమైన మట్టిని తడి గోనెలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి నీడలో పెట్టండి. శనివారం పొద్దున అరకిలో ముద్దలుగా విడదీసి గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పండి.

ప్రతి పిల్ల ముందు గోనెపట్టా ముక్క పరవాలి. నున్నటి ప్లాస్టిక్ షీటు మీద మట్టి అతుక్కుపోయి, లేపబోతే బొమ్మ అడుగు ఊడొస్తుంది. గుండ్రానికి ఒక చిన్న గిన్నెలో నీళ్ళు, ఇంకో గిన్నెలో పెరుగులా కలిపిన మట్టి జిగురు పెట్టండి. పనిముట్లుగా చీపురు పుల్లలు, వాడేసిన పెన్ను రీఫిల్లు, ఉదయగిరి చెక్క గరిటెలు పనికొస్తాయి. నునుపు చేయడానికి చెక్క గరిటె వెనక భాగాన్ని మించింది లేదు.

మొదటి అరగంట గిన్నె చేయించండి. అరకిలోలో సగం కన్నా కాస్త తక్కువ తీసుకుని, నిమ్మకాయలా గుండ్రంగా చేసి, బొటనవేలు మధ్యలోకి దించాలి. అడుగున పిల్ల చిటికెనవేలంత మందం మిగలాలి. తర్వాత లోపల బొటనవేలు, బయట నాలుగువేళ్ళు పెట్టి, ముద్దను తిప్పుతూ నొక్కుతూ గోడ లేపాలి. ఇక్కడ అందరూ చేసేది ఒకటే, అంచును ముందు నొక్కేస్తారు. అంచు పలచబడి విచ్చుకుని పువ్వులా పగులుతుంది. ‘అడుగు నుంచి పైకి’ అని ఒకసారి చెప్పి ఊరుకోండి. పగిలిన అంచు మీద నీళ్ళు పోయనివ్వకండి. పిల్లలకు మట్టికన్నా నీళ్ళంటేనే ఇష్టం. నీళ్ళు ఎక్కువైతే గిన్నె కూలిపోతుంది. వేలి కొస ముంచితే చాలు.

తర్వాత అసలు పని, ఒంగోలు గిత్త. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మూపురం, గంగడోలు, చెవులు, కొమ్ములు అన్నీ అతకాల్సిన ముక్కలే, అతకడం నేర్వడానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు. ఊళ్ళో ఎవరిదైనా గిత్త ఉంటే ముందురోజు పిల్లలను తీసుకెళ్ళి చూపించండి. మూపురం నడుము మీద ఉందా, భుజాల మీద ఉందా? కొమ్ములు పొడుగా, పొట్టా? గంగడోలు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వేలాడుతోంది? ఈ ప్రశ్నలు అడిగి జవాబు చెప్పకండి. మూపురం నడుము మీద పెట్టిన పిల్ల గిత్తను మళ్ళీ చూశాక తనే తీసి ముందుకు జరుపుతుంది. బ్రెజిల్లో కోట్ల సంఖ్యలో ఉన్న ‘నెలోరె’ పశువులు మన ఒంగోలు జాతి సంతతే అని చెబితే ఐదో తరగతి పిల్లలు గ్లోబు మీద బ్రెజిల్ ఎక్కడుందో వెతుక్కుంటారు.

గిత్తను కూర్చున్నట్టుగా చేయించండి. నాలుగు కాళ్ళ మీద నిలబెడితే సన్నటి కాళ్ళు బరువు మోయలేక వంగిపోతాయి, ఆరేటప్పుడు విరిగిపోతాయి. పని వరస ఇది:

1. మిగిలిన మట్టిలో మూడు వంతులు తీసి కోడిగుడ్డు ఆకారంలో ఒళ్ళు చేయాలి. అడుగు నుంచి బొటనవేలితో పొట్టలోకి గుంట పెట్టాలి. లోపల గుల్లగా లేకపోతే పైన ఆరి, లోపల తడిగా ఉండి, వీపు మీద పగులు వస్తుంది.
2. తలను విడిగా చేయవచ్చు, ఒంటి నుంచే లాగి తీయవచ్చు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు లాగి తీయడమే మేలు, ఊడదు.
3. అతికే ప్రతిచోటా రెండు వైపులా చీపురు పుల్లతో గళ్ళు గీకాలి. మట్టి జిగురు పూయాలి. నొక్కి పట్టుకుని కొంచెం అటూ ఇటూ తిప్పాలి. చివరగా చుట్టూ ఉన్న కీలును వేలితో రుద్ది మూసేయాలి.
4. మూపురం, గంగడోలు, చెవులు, కొమ్ములు, ముడిచిన కాళ్ళు ఆ వరసలోనే.
5. కడుపు కింద పుల్లతో పేరు రాయాలి.

ఆరేటప్పుడు చెవులు, కొమ్ములు రాలిపోవడానికి ఒకటే కారణం, గీకకుండా అతికించడం. తడి మట్టిని తడి మట్టికి నొక్కితే అప్పటికి పట్టుకున్నట్టే ఉంటుంది. ఆరేకొద్దీ రెండూ ముడుచుకుని విడిపోతాయి. ‘గీకు, పూయి, నొక్కు, రుద్దు’ అని పాటలా పాడించండి, చిన్నవాళ్ళు ఇంటిదాకా పాడుకుంటూ పోతారు.

బొమ్మలు మొదటి రోజంతా తడిగుడ్డ కింద, తర్వాత నాలుగైదు రోజులు గాలి తగలని నీడలో వార్తాపత్రిక మీద ఆరాలి. ఎండలో పెట్టమని ఎవరో ఒకరు తొందరపెడతారు, వినవద్దు. రోజుకోసారి బొమ్మను తిప్పి పెట్టాలి. పది సెంటీమీటర్ల గిత్త ఆరాక అర సెంటీమీటరుకు పైగా తగ్గుతుంది. పిల్లలతో స్కేలు పెట్టి కొలిపిస్తే వచ్చే వారం లెక్కల పాఠం కూడా అయిపోతుంది.

కాల్చడం బడిలో పెట్టుకోవద్దు. కుమ్మరి తన ఆవంలో పెడతానంటే ఇవ్వండి, కానీ పూర్తిగా ఆరినవే ఇవ్వాలి. లోపల తడి ఉంటే ఆవిరై బొమ్మ పగిలి, పక్కనున్న ఆయన కుండలకు కూడా నష్టం. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగిలే బొమ్మ ఇంకా ఆరలేదన్నమాట.

రంగుకు జాజు, ముగ్గుపిండి, పసుపు చాలు. తుమ్మ జిగురును నాలుగింతల గోరువెచ్చని నీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, ఆ నీళ్ళలో రంగు కలపండి. జిగురు లేకపోతే రంగు చేతికి రాలుతుంది. తెలుపు కోసం సున్నం మాత్రం వాడకండి, కంట్లో పడితే ప్రమాదం.

రెండో శనివారం: తాటాకు, జొన్న దంటు

తాటాకులో మూడు రకాలు. చెట్టున బాగా విచ్చుకున్న ముదురు ఆకు పిల్లల వేళ్ళకు మొండిది. ఎండి రాలిన ఆకు మడిస్తే చిట్లుతుంది. కావాల్సింది ఇంకా విచ్చుకోని మొవ్వాకు, లేత పసుపు రంగులో మెత్తగా ఉంటుంది. కల్లు గీసేవాళ్ళను అడిగితే కోసిస్తారు. ఒక చెట్టు నుంచి ఒక్క మొవ్వే తీయమనండి. 24 మందికి రెండు మొవ్వాకులు సరిపోతాయి. మట్ట అంచుకు రంపం పళ్ళు ఉంటాయి కాబట్టి మట్టను కోసేసి, ఆకు మాత్రమే బడికి తేవాలి.

కోసిన ఆకును నీడలో ఒక రోజు ఆరబెట్టండి. పచ్చిగా ఉన్నప్పుడే అల్లితే తర్వాత ముడుచుకుని చాపలో సందులు పడతాయి. మరీ ఆరితే తడిగుడ్డతో తుడిచి పావుగంట ఉంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఈనె చీల్చి తీసేసి, స్టీలు స్కేలు, కట్టరుతో పట్టీలు కోయడం పెద్దవాళ్ళ పని, ఇద్దరికి శుక్రవారం సాయంత్రం రెండు గంటలు పడుతుంది. లెక్క ఇది:

మూడు నుంచి ఐదు తరగతులు: పిల్లకు 16 పట్టీలు, 20 సెం.మీ. పొడవు, 1.5 సెం.మీ. వెడల్పు.
ఒకటి, రెండు తరగతులు: పిల్లకు 12 పట్టీలు, 20 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు.
గాలిపంకాకు: పిల్లకు ఒక పట్టీ, 14 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు.
అదనంగా ఓ 40 పట్టీలు.

చాప అల్లడంలో పిల్లలు ఓడిపోయేది ఒక్కచోటే: ఏ పట్టీ పైన, ఏది కింద అన్నది మర్చిపోతారు. రెండో వరస కూడా మొదటి వరసలాగే వేసి, పైకి తోసేసరికి రెండూ జారి కలిసిపోతాయి. దీనికి మంచి విరుగుడు ఉంది. నిలువు పట్టీల్లో సగాన్ని ముందే పసుపు నీళ్ళలో ఉడికించండి. లీటరు నీళ్ళకు రెండు చెంచాల పసుపు, ఇరవై నిమిషాలు. నిలువుగా ఒకటి పసుపు, ఒకటి మామూలు అన్నట్టు పేర్చాలి. మొదటి వరసకు పసుపువి లేపు, రెండో వరసకు మామూలువి లేపు. ఇంతే. లెక్కపెట్టడం ఇంకా రాని ఒకటో తరగతి పిల్లకూ ఇది పట్టుబడుతుంది. పసుపు రంగు ఎండకు కొన్నాళ్ళలో వెలిసిపోతుంది, ఫర్వాలేదు.

నిలువు పట్టీల పై కొసలను అట్టముక్కకు కాగితం టేపుతో అతికించి ఇవ్వండి, లేకపోతే మూడో వరసకే చెల్లాచెదురు. ప్రతి వరసనూ వేలితో పైకి తోసి బిగించాలి. పెద్దపిల్లలకు 8 నిలువు, 8 అడ్డం అల్లితే మధ్యలో 12 సెం.మీ. చదరం వస్తుంది, చుట్టూ 4 సెం.మీ. కొసలు మిగులుతాయి. పైన తేలిన కొసను వెనక్కి, వెనకున్న కొసను ముందుకు మడిచి, ఒక పట్టీ వదిలి తర్వాతి పట్టీ కిందకు దూర్చాలి. మడిచేముందు కొసలు తడపాలి. చిన్నపిల్లలకు మడతలు వద్దు, అంచు వరసల మీద ఫెవికాల్ చుక్కలు పెట్టి కొసలను కుచ్చులా వదిలేయండి.

తాటాకు అంచు కాగితంలా కోస్తుంది. పట్టీని వేళ్ళ మధ్య జర్రున లాగకూడదని మొదటే చెప్పండి. అయినా ఒకరిద్దరికి గీరుకుంటుంది, బ్యాండేజీలు దగ్గర పెట్టుకోండి.

విరామం తర్వాత గాలిపంకా. పిడికి జొన్న దంటు 25 సెం.మీ. ముక్క. దంటు పై బెరడు తాటాకుకన్నా పదును, కాబట్టి పెద్దవాళ్ళే చెక్కేసి లోపలి బెండు ఇవ్వాలి. ఇరుసుకు 6 సెం.మీ. కొబ్బరి చీపురు పుల్ల. తుమ్మముల్లు, ఈతముల్లు పాతకాలంలో వాడారు గానీ ఆరేళ్ళ పిల్లలకు వద్దు.

పట్టీ మధ్యన, కొస నుంచి సరిగ్గా 7 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టాలి. మధ్య తెలుసుకోవడానికి పట్టీని మడిస్తే అక్కడ మడత పడి రెక్క వాలిపోతుంది, కొలవడమే మంచిది. దబ్బనంతో పెద్దవాళ్ళు బెజ్జం పెడతారు. చీపురు పుల్ల మీద గింజంత బెండు ముక్క, తర్వాత రెక్క, తర్వాత ఇంకో బెండు ముక్క గుచ్చి, పుల్ల రెండో కొసను పిడి బెండులోకి అడ్డంగా దింపాలి. ముందు కొస బయటికి పొడుచుకు రాకుండా బెండు ముక్కలోనే ఉండాలి.

ఇప్పుడు రెక్కల మెలి. రెక్కను మీకు ఎదురుగా అడ్డంగా పట్టుకోండి. కుడి రెక్కకు పై అంచును వెనక్కి వంచాలి, ఎడమ రెక్కకు కింది అంచును వెనక్కి వంచాలి. రెండింటికీ పై అంచునే వంచితే ఎంత గాలి వీచినా తిరగదు. ఇది ముందు చెప్పకండి. సగం మందికి తిరుగుతుంది, సగం మందికి తిరగదు. ‘తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి’ అంటే చాలు, ఎవరో ఒకరు పట్టేస్తారు. ఆ పట్టేసిన పిల్లే మిగతావాళ్ళకు చెబుతుంది.

మెలి సరిగ్గా ఉండీ తిరగకపోతే మూడు చోట్ల చూడాలి. బెజ్జం బిగుతుగా ఉందేమో. వెనకవైపు బెండు ముక్క జారి రెక్క పిడికి తగులుతోందేమో. ఒక రెక్క పొడుగై, ఆ బరువుకు ఎప్పుడూ అదే కిందకొచ్చి ఆగుతోందేమో. మూడోదైతే కత్తెరతో కొస కొంచెం కత్తిరించాలి.

పరుగెత్తించేటప్పుడు నలుగురు నలుగురుగా, చేతులు చాచినంత ఎడంతో, గాలికి ఎదురుగా. అందరినీ ఒకేసారి వదిలితే పుల్లలు కళ్ళ దగ్గరకు వస్తాయి.

మూడో శనివారం: నీడబొమ్మలు

ఆంధ్ర తోలుబొమ్మల పనికి పేరున్న ఊళ్ళలో నెల్లూరు జిల్లా డి.సి.పల్లి ఒకటి. మేకతోలును పలచగా చేసి, రంగులద్ది, నగల చోట బెజ్జాలు కొట్టి చేస్తారు. వెనక దీపం పెడితే రంగు తెరమీద పడుతుంది. దగ్గర్లో ఉన్నవాళ్ళు ఒక కళాకారుణ్ణి పిలిపించగలిగితే, ఆయనకు తగిన పారితోషికం ఇచ్చి, ఒక బొమ్మ ఆడించి చూపించమనండి. పిల్లలకు మాత్రం తోలు వద్దు, కాగితమే.

బొమ్మ ముందు పలక మీద గీయించండి. మార్కాపురం పలక దొరికితే సంతోషం. చెరిపి మళ్ళీ గీయడానికి భయం ఉండదు, కాగితం వృథా కాదు. బొమ్మ జానెడు ఉండాలి, ముఖం పక్కకు తిరిగి ఉండాలి. ఎదురుగా చూసే ముఖానికి నీడ పడితే గుండ్రటి మచ్చే తప్ప ముక్కూ మూతీ కనబడవు. ఇది పిల్లలకు మాటలతో అర్థం కాదు, గోడమీద తమ తలల నీడను ఎదురుగా ఒకసారి, పక్కకు ఒకసారి చూపిస్తే చాలు.

ఒకటి, రెండు తరగతులకు పాత పెళ్ళిపత్రిక అట్టతో ఒకే ముక్క బొమ్మ. కీళ్ళు ఉండవు, కంటికీ నగలకూ బెజ్జాలు ఉంటాయి. మూడు నుంచి ఐదు తరగతులకు తెల్ల డ్రాయింగు షీటుతో మూడు ముక్కలు: తలతో కలిసిన ఒళ్ళు, మోచేతి పై భాగం, కింది భాగం. చెయ్యి ఒక్కటే కదిలితే చాలు. రెండు చేతులూ రెండు కాళ్ళూ కదిలే బొమ్మను ఆడించడానికి పిల్లకు చేతులు చాలవు.

స్కెచ్ పెన్నులతో రెండు వైపులా రంగు వేసి, కత్తిరించి, ఆ తర్వాతే దూదితో కొబ్బరినూనె రుద్దాలి. వరస తప్పితే పని చెడుతుంది. నూనె పట్టిన కాగితం మీద స్కెచ్ పెన్ను పట్టదు. నూనె పలచగా రాసి, పావుగంట ఆగి, వార్తాపత్రికల మధ్య పెట్టి అదమాలి. మిగులు నూనె తీయకపోతే తెర మీద మరకలు పడతాయి. మొత్తానికి 100 మి.లీ. నూనె సరిపోతుంది.

కీలు దగ్గర ముక్కలు ఒకదానిమీద ఒకటి 1.5 సెం.మీ. రావాలి. దబ్బనం బెజ్జంలో లావు నూలుదారం దూర్చి రెండు వైపులా ముడి వేయాలి. ఆఫీసు పంచింగు మిషను బెజ్జానికి ముడి ఆగదు, జారిపోతుంది. ముడి బిగిస్తే చెయ్యి కదలదు. ముడికీ కాగితానికీ మధ్య ఇంకో అట్ట పట్టేంత వదులు ఉంచాలి. ఒంటికి నిలువుగా ఒక వెదురు పుల్ల, చేతికి ఒక పుల్ల.

ముందు ఎండలో ఆడించండి. తూర్పు వైపు సున్నం వేసిన బడి గోడ ఉంటే పొద్దున అదే తెర. పిల్లల వీపుకు ఎండ, ఎదురుగా గోడ. ఎండలో పంచె కట్టి అవతల కూర్చోబెట్టవద్దు, చూసేవాళ్ళ కళ్ళు సూర్యుడి వైపే ఉంటాయి. బొమ్మ గోడకు ఆనుకున్నంత దగ్గరగా ఉంటే నీడ కత్తిరించినట్టు పడుతుంది. మీటరు దూరం జరిపితే అంచు సుమారు సెంటీమీటరు మేర అలికినట్టు అవుతుంది. అక్కడ ఇంకో తమాషా ఉంది. నగ కోసం కొట్టిన చిన్న బెజ్జం నలుచదరంగా ఉన్నా, మీటరు దూరంలో గోడమీద గుండ్రటి వెలుగు చుక్కే పడుతుంది. అది బెజ్జం ఆకారం కాదు, సూర్యుడి ఆకారం. కానుగ చెట్టు కింద నేలమీద పడే గుండ్రటి వెలుగులూ అవే. ఐదో తరగతి పిల్లలకు ఇది చూపించకుండా వదలకండి.

ఆట మాత్రం చీకటి గదిలో. కిటికీలకు గోనెపట్టాలు కట్టి, తడిపి పిండి ముడతలు లేకుండా లాగిన తెల్ల పంచెను రెండు కుర్చీల మధ్యన కాకుండా గోడ మేకులకు కట్టండి. కుర్చీలు కదులుతాయి. వెనక రెండు మీటర్ల దూరంలో ఒకే ఒక్క ఎల్‌ఈడీ టార్చి. ట్యూబ్‌లైటు పొడుగు కాబట్టి నీడ చెదిరిపోతుంది. బొమ్మ తెరకు ఆనితే ఉన్నంత పరిమాణంలో, దీపానికీ తెరకూ సరిగ్గా మధ్యన పట్టుకుంటే రెండింతలు. రాక్షసుడు కావాలన్నవాళ్ళకు ఈ సంగతి అరనిమిషంలో పట్టుబడుతుంది.

కథ పిల్లలదే, మూడు నిమిషాలు, రెండు బొమ్మలు. ఏం ఆడాలో తోచకపోతే తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడు, బంగారక్కల తగువు గుర్తుచేయండి. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో ఇద్దరు రొట్టెలు మార్చుకునే సన్నివేశం కూడా బాగా పండుతుంది: ఎవరు ఏం కోరుకున్నారు, ఎవరిది ఏ రొట్టె అన్నదే కథ. మాటలు రాసి బట్టీ పట్టించవద్దు. బట్టీ పట్టిన పిల్ల మాట మర్చిపోగానే బొమ్మ కూడా ఆగిపోతుంది.

ఇంకొన్ని సంగతులు

చూపు సరిగా లేని పిల్లకు మట్టి శనివారం అందరికన్నా బాగా సాగుతుంది, గిత్తను తడిమి చూడనివ్వండి. ఎడమచేతి వాటం పిల్లలకు మామూలు కత్తెర కోయదు, నలుపుతుంది. వాళ్ళ కోసం ఎడమచేతి కత్తెరలు రెండు ఉంచుకోవాలి. ‘నాకు రాదు’ అని చేతులు ముడుచుకున్న పిల్ల ముందు ఇంకో ముద్ద తీసుకుని మీరు మీ గిత్తను చేసుకోండి, తన ముద్దను ముట్టుకోకండి. కాసేపటికి తనే మొదలుపెడుతుంది.

మొదటి బహుమతి, రెండో బహుమతి పెట్టకండి. పెడితే తర్వాతి శనివారం తల్లిదండ్రులు ఇంట్లో చేయించిన బొమ్మలు వస్తాయి.

మట్టి చేతులు కడిగిన నీళ్ళను కాలవలో పోయకండి, రెండు శనివారాలకే పూడిపోతుంది. బకెట్లో ఒక రాత్రి ఉంచితే మట్టి అడుగుకు చేరుతుంది. పైనీళ్ళు చెట్టుకు పోసి, అడుగు మట్టిని, పగిలిన బొమ్మల ముక్కలను కలిపి మళ్ళీ నానబెట్టండి. కాల్చని మట్టి ఎన్నిసార్లైనా తిరిగి పనికొస్తుంది. రంగు పూసిన ముక్కలను మాత్రం వేరుగా తీసేయాలి.